అట్టమీద వేసిన మాట

ఒక నవల అట్టమీద "యథార్థ జీవిత సాక్ష్యం" అని అచ్చు వేసినారు. అది సాక్ష్యం కాదు. ఒక టీచరమ్మ ఇంట్లో కూర్చుని అల్లిన కథ. అచ్చు వేసినోళ్ళకు ఆ సంగతి తెలుసు, తెలిసే వేసినారు. రాసినామెను అడగలేదు. ఊరూరా మోసుకపోయి అమ్మే నన్ను అడగలేదు. ఆ మాట వల్ల కొనకనమిట్ల మండలంలో ఒక తల్లి పాట ఆగిపోయింది.

ముందు ఈ తప్పు చెప్పి, తరవాత నా సంగతికి వస్తా. నా సంగతితో మొదలుపెడితే ముసలోడు సొంత డబ్బా కొడుతున్నాడని మీరు పేజీ తిప్పేస్తారు.

నేను చేసిన పని

మార్కాపురంలో ఉండి క్రైస్తవ పుస్తకాలు అమ్మినాను. మొదట సైకిలు మీద, మోకాళ్ళు మొరాయించినాక మోపెడ్ మీద. బైబిళ్ళు, పాటల పుస్తకాలు, వాక్యం అచ్చేసిన వాగ్దాన కార్డులు, క్యాలెండర్లు, అడుగున నాలుగు కథల పుస్తకాలు. తర్లుపాడు, కొనకనమిట్ల, హనుమంతునిపాడు పల్లెలన్నీ తిరిగినాను. సువార్త కూటాలు జరిగితే గిద్దలూరు దాకా పోయేవాణ్ణి. పుస్తకాలు అచ్చేసి సరుకు పంపే సంస్థ కోస్తాలో ఉంది. దాని పేరు ఇక్కడ రాయను.

మా నాయన పలకల గనిలో రాయి చీల్చేవాడు. దేశంలో పిల్లలందరికీ పలకలు పంపిన ఊర్లో పుట్టి, నేను బడికి పోయింది తక్కువ. అంచు విరిగిన పలకల మీద నాకు నేనే దిద్దుకున్నాను. బస్సు బోర్డులు చదివినాను, సినిమా వాల్‌పోస్టర్లు చదివినాను, ఆనక బైబిలు చదివినాను. అట్ల నేర్చుకున్నోడికి అచ్చులో పడిన మాటంటే ఒక భయం ఉంటది. ఆ భయం ఉన్నోడికే దానిమీద కోపం కూడా వస్తది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు పుస్తకం అమ్మడమంటే రేటు చెప్పి చేతిలో పెట్టడం అనుకుంటున్నారు. మా దిక్కు అట్ల జరగదు. చదివి వినిపించాలి. మధ్యాన్నం ఎండ తగ్గే వేళకు ఒక అరుగు మీద కూర్చుంటే ఆడోళ్ళు చేతిపని తెచ్చుకొని చుట్టూ చేరతారు. ఒక అధ్యాయం చదివి ఆపాలి. "ఆపినావేంది?" అన్నారంటే పుస్తకం పోయినట్టే. అక్షరం రానోళ్ళు కూడా కొంటారు. కొని బైబిలు పక్కన పెట్టుకుంటారు, సాయంత్రం పిల్లలతో చదివించుకుంటారు. వాళ్ళను తక్కువ పాఠకులని ఎవరన్నా అంటే వాళ్ళతో నేను మాట్లాడను.

ఇంకొక సంగతి మీరు బాగా మనసులో పెట్టుకోవాలి. మా సంఘాల్లో కథ వేరు, సాక్ష్యం వేరు. ఒక మనిషి లేచి నిలబడి నాకు ఇట్ల జరిగింది అని చెప్తే అది సాక్ష్యం. విన్నోళ్ళు ఆ మనిషిని సొంతం చేసుకుంటారు. పేరుపెట్టి ప్రార్థన చేస్తారు, ఎప్పుడన్నా ఎదురైతే ఇంటికి తీసుకపోయి అన్నం పెడతారు. కథ వింటే ఏడ్చి, కళ్ళు తుడుచుకొని, మరిచిపోయే హక్కు ఉంటది. సాక్ష్యం విన్నాక ఆ హక్కు ఉండదు.

గనిగట్టు పిల్ల

ఆ నవల పేరు "గనిగట్టు పిల్ల". రాసింది గిద్దలూరులో రిటైరైన కరుణమ్మ టీచరు. కథ పెద్దదేం కాదు. పలకల గని పక్కన ఉండే కెజియ అనే పిల్లకు తల్లి పోతుంది. ఏడాది తిరక్కముందే తమ్ముడు పాత గనిలో నిలిచిన నీళ్ళలో పడిపోతాడు. పిల్లోడు దొరకాలని ఊరంతా ప్రార్థన చేస్తారు. శవం దొరుకుతుంది. ఆ రోజు నుంచి కెజియ నోట ప్రార్థన రాదు, పాట రాదు. అవ్వ పెంచుతుంది, నాయన తాగుతాడు, పిల్ల నర్సు చదువుకుంటుంది. చివర్లో ఒక ఆదివారం గుడిలో ఆమె నోట్లోంచి పాట వస్తుంది, అది కూడా ఒక్క చరణం. పుస్తకం అక్కడ అయిపోతుంది.

మొదటి ముద్రణ అట్టమీద "నవల" అనే ఉన్నింది. మా సంఘాల్లో నవల అంటే సినిమాకు చెల్లెలు, ఇంట్లోకి రానియ్యరు. అందుకని మందకొడిగా పోయింది. కానీ చదివినోళ్ళు ఊరికే ఉండలేదు.

మార్కాపురంలో కిరాణా దుకాణం నడిపే శెట్టిగారు ఒకాయన "మీ దేవుడి పుస్తకం నాకెందుకయ్యా" అంటూనే తీసుకున్నాడు. మళ్ళా నేను ఆ దోవన పోతుంటే గల్లాపెట్టె దగ్గర నుంచే కేకేసి పిలిచినాడు. పిల్లకు జడ వేసేటప్పుడు ఆ అవ్వ ఒక్క మాటా మాట్లాడదు చూడు, అక్కడ మా అమ్మ కనపడింది అన్నాడు. అని, వెంటనే చింతపండు తూకం చూసుకున్నాడు.

తర్లుపాడులో ఇంటరు చదివే పిల్ల ఒకతె పుస్తకం వాపసు తెచ్చింది. మొహం ఎర్రగా ఉంది. ఊరంతా మోకాళ్ళ మీద ఉంటే తమ్ముడు రాలేదు, చివర్లో ఒక పాట పాడితే సరిపోతదా తాతా అని గట్టిగా అడిగింది. సరిపోదమ్మా, అందుకే ఒక్క చరణమే పాడింది అన్నాను. ఆ పిల్ల పుస్తకం సంచిలో పెట్టుకొని ఎల్లిపోయింది.

కొనకనమిట్ల దిక్కు ఒక పాస్టరుగారు తిరగేసి, దీంట్లో మారుమనస్సు ఏ పేజీలో ఉందని అడిగినాడు. వెతకాలి అయ్యగారూ అన్నాను. కట్టుకథలు గుడి ఆవరణలో అమ్మొద్దు అన్నాడు. నాకు ఊరుకోవడం రాదు. బైబిలు కథలో తప్పిపోయిన కుమారుడిది ఏ ఊరు, వాళ్ళ నాయన పేరేంది, ఎవరన్నా అడిగినారా అని అడిగినాను. "అది ప్రభువు చెప్పింది. ఇది పింఛను తీసుకునే టీచరమ్మ రాసింది" అన్నాడు. సంచి భుజాన వేసుకొని వచ్చేసినాను. ఆయన అప్పుడన్న కట్టుకథ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళా పనికొస్తది.

రెండో ముద్రణ

కరోనా పోయినాక సంస్థకు కొత్త మేనేజరు వచ్చినాడు. చురుకైనోడే, మంచిగా మాట్లాడతాడు. కట్ట విప్పి చూస్తే కొత్త అట్ట, దానిమీద పసుపు పట్టీలో ఆ మూడు మాటలు. "నవల" అన్న మాట లోపల కూడా యాడా లేదు. రచయిత్రి పేరు కింద, "సేకరణ" అని పెట్టినారు. ఆమె కడుపులో పుట్టిన పిల్లను యాడనో ఏరుకొచ్చినట్టు.

ఫోన్ చేసినాను. ఆయన నవ్వినాడు.

"అంకుల్, నవల అంటే కొనరు. సాక్ష్యం అంటే కొంటారు. మనుషులకు మేలే గదా జరిగేది?"

"కెజియ అనే పిల్ల లేదు గదా సారూ."

"అట్లాంటి పిల్లలు చాలామంది ఉన్నారు గదా అంకుల్. నిజం లాంటిదే."

నిజం లాంటిదాన్ని నిజమని అచ్చు వెయ్యకూడదు అన్నాను. మీటింగు ఉందని పెట్టేసినాడు.

నేను చెయ్యగలిగింది చేసినాను. తెల్లకాగితం చీలికలు కోసి, మైదాపిండి జిగురుతో ఆ పసుపు పట్టీ మీద అంటించినాను. జనం ఏం చేసినారు? కాగితం కింద ఏముందోనని గోటితో గీకి చూసినారు. దాచిపెట్టిన మాటంటే ఇంకా గట్టి నిజం అనుకున్నారు. మారుమనస్సు ఏ పేజీలో ఉందని అడిగిన ఆ అయ్యగారే ఇప్పుడు పుస్తకం పైకెత్తి, ఈ సాక్ష్యం ప్రతి ఇంట్లో ఉండాలని ప్రసంగంలో చెప్పినాడు. ఒక్క అక్షరం మారలేదు లోపల. అట్ట మారింది, అంతే. నేను కాగితం అంటిస్తున్న సంగతి కూడా ఆయనే సంస్థకు ఫోన్ చేసి చెప్పినాడు. సంస్థ వేసిన అట్టమీద కాగితం అంటించే హక్కు నీకు ఎవరిచ్చినారని అటు నుంచి తిట్లు.

పల్లెల్లో కెజియ కోసం ప్రార్థనలు మొదలైనాయి. వాళ్ళ నాయన తాగుడు మానాలని హనుమంతునిపాడు దిక్కు ఒక సంఘంలో ఆడోళ్ళు ఉపవాసం ఉన్నారు. ఇది చదివి మీకు నవ్వొస్తే నవ్వండి. నేను ఆ ఆకలి మొహాలు చూసినాను, నాకు నవ్వు రాలేదు.

సుగుణమ్మ

ఆ అయ్యగారి సంఘంలోనే సుగుణమ్మ ఉండేది. భార్యాభర్త కూలి చేసుకుంటారు, కాసింత మెట్ట ఉంది, కంది వేస్తారు. గుడిలో పాట ఎత్తడం ఆమె వంతు. డోలక్ కంటే ముందు ఆమె గొంతు లేచేది. ఆ గొంతులో తీపి ఏం లేదు. ఎండలో చేనికి అడ్డం పడి పిలిచినట్టుంటది. కానీ ఆమె ఎత్తితే వెనక వరసలో కునికే ముసలోళ్ళు కూడా అందుకునేవాళ్ళు.

ఆమె కూతురు దివ్య పదో తరగతిలో జ్వరం వచ్చి పోయింది. సంఘమంతా ఉపవాసం ఉన్నారు, తలమీద చేతులుంచి ప్రార్థన చేసినారు. పిల్ల దక్కలేదు. మట్టి చేసి వచ్చినాక, ఓదార్పుకు వచ్చినోళ్ళే, విశ్వాసం యాడనో తగ్గిందమ్మా అన్నారు. చెడ్డతనంతో అన్నారని నేను చెప్పను. చెడ్డోళ్ళు అంటే తట్టుకోవచ్చు. అప్పటి నుంచి సుగుణమ్మ గుడికి వచ్చేది, కూర్చునేది, నోరు తెరిచేది కాదు. పాట వేరే ఆమె ఎత్తేది.

నేను అరుగు మీద "గనిగట్టు పిల్ల" చదువుతుంటే ఆమె స్తంభం వెనక కూర్చుని విస్తరాకులు కుట్టేది. కథలో కూడా ఒకచోట, మీ ఇంట్లో విశ్వాసం ఉంటే పిల్లోడు బతికుండేవాడని అవ్వతో అంటారు. అది పిల్ల వింటుంది. అది చదివేటప్పుడు సుగుణమ్మ చెయ్యి ఆగిపోయింది. కుట్టిన ఆకు ఒళ్ళో ఉంది, పుల్ల వేళ్ళ మధ్య ఉంది. "ఆ ముక్క మళ్ళా చదువన్నా" అన్నది. చదివినాను.

అప్పుడే చెప్పినాను, అందరూ వింటుండగానే. అమ్మా, ఇది రాసిన కథ, కెజియ అనే పిల్ల లేదు అని. సుగుణమ్మ పుస్తకం తీసుకొని, నేను అంటించిన కాగితం గోటితో లేపి, పక్కనున్న పిల్లతో చదివించుకున్నది. "నువ్వు మంచోడివే అన్నా. కానీ అచ్చేసినోళ్ళకు తెలీదా?" అన్నది. ఒక ముసలామె పొగాకు ఊసి, సరుకు బాగలేదని చెప్పి అమ్ముకునేటోణ్ణి ఈడనే చూస్తున్నా అన్నది. అరుగంతా నవ్వినారు. సుగుణమ్మ కూడా నవ్వింది. దివ్య పోయినాక ఆమె నవ్వగా నేను చూసింది అదే మొదలు.

చివరి అధ్యాయం చదివిన తరవాతి ఆదివారం నేను ఆ గుడిలోనే ఉన్నాను. పాట ఎత్తాల్సిన ఆమె దగ్గుతా ఉంటే, ఆడోళ్ళ వరసల నడుమ నుంచి సుగుణమ్మ గొంతు లేచింది. ఒక చరణం. తరవాత ఆమె ఆపేసింది, మిగతాది సంఘం పాడింది. వెనక్కి తిరిగి చూడనోళ్ళు లేరు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి, భయమూ వేసింది. ఆ గొంతు దేనిమీద నిలబడిందో నాకు తెలుసు గదా. ఆ సాయంత్రమే సంస్థకు ఉత్తరం రాసినాను, అట్ట మార్చండి, లేదా ఇది కథ అని ఒక కాగితం లోపల పెట్టండి అని. జవాబు లేదు.

గిద్దలూరు

పుస్తకం వెనక రచయిత్రి ఊరు వేసి ఉంది. కెజియ కూడా ఆ ఊర్లోనే ఉంటదనుకొని, సుగుణమ్మ ఒక చీర కొని, మార్కాపురంలో మాత్రలు తెచ్చుకుంటానని మొగుడితో చెప్పి, గిద్దలూరు బస్సు ఎక్కింది. కెజియను చూడాలి, చీర పెట్టాలి, ఒక్క మాట అడగాలి. పాట మళ్ళా నోట్లోకి వచ్చినాక నిలబడిందా, లేక ఆ ఒక్క ఆదివారమేనా అని.

అక్కడ జరిగింది నాకు కరుణమ్మ టీచరే చెప్పింది, తరవాత నేను పోయి అడిగితే. టీచరుకు కొత్త అట్ట సంగతి అప్పటిదాకా తెలియదు. చూపు మందగించి, పంపిన కాపీలు విప్పనే లేదు. సుగుణమ్మ గడప దగ్గర నిలబడి, కెజియమ్మ ఉందా అని అడిగింది.

"నా మొహంలో వెతికిందయ్యా ఆ పిల్ల కోసం" అన్నది టీచరు. "నేనే కెజియను తల్లీ అందామని నోటిదాకా వచ్చింది. అన్నానంటే ఆమె సంతోషంగా బస్సెక్కి పోయేది. అనలేకపోయినా. పిల్లను పోగొట్టుకున్న మనిషి ముందర ఎట్ల అబద్ధం చెప్పేది?"

లేదమ్మా, అట్లాంటి పిల్ల లేదు, నేను మనసులో అనుకొని రాసినా అని చెప్పింది. తమ్ముడు కూడా లేడా అని సుగుణమ్మ అడిగిందంట. లేడని చెప్పింది. అవ్వ? అవ్వ కూడా లేదు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని, చీర తీసుకపోను, ఎవరికన్నా ఇయ్యండి అని అక్కడే పెట్టి వచ్చేసింది. టీచరు దాన్ని మడత విప్పకుండా దాచింది. అట్ట మార్చమని ఆమె కూడా సంస్థకు చెప్పింది. పుస్తకం మీద హక్కులు రాసిచ్చినారు గదా మేడమ్ అన్నారంట.

ఊర్లో సంగతి పాకింది. నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెల వరసలో, ఏమ్మా, నీ కెజియ ఫోన్ చేసిందా అని అడిగేవాళ్ళు. లేని పిల్లకు చీర పెట్టొచ్చిన తల్లి అని పేరు పడింది. ఇక ఆ అయ్యగారు ఏం చేసినాడు? ప్రతి ఇంట్లో ఉండాలని చెప్పిన అదే నోటితో, కట్టుకథలు అమ్మేవాళ్ళను ఆవరణలోకి రానివ్వద్దని ప్రకటన చదివినాడు. కట్టుకథ అని చెప్పింది నేనొక్కణ్ణే. గేటు మూసింది నాకు.

సుగుణమ్మ ఇంటికి పోయినాను. మిరపకాయలకు తొడిమెలు తీస్తా ఉంది. ఘాటుకు ఇద్దరికీ కళ్ళు కారుతున్నాయి, అది మేలైంది. నేను ముందే చెప్పినా గదమ్మా అని అనలేదు. ఆమే మాట్లాడింది.

"నువ్వు చెప్పినావు, నేనే వినలేదు. కథ అని వాళ్ళు రాసుంటే కథ మాదిరే వినేదాన్ని అన్నా. ఏడ్చి, లేచి, పొయ్యి ముట్టించుకునేదాన్ని. కథకు నేనెప్పుడన్నా అడ్డం చెప్పినానా?"

తొడిమెలు పక్కకు ఊడ్చి, మళ్ళా అన్నది.

"నాకు ఒక తోడు ఉందనుకున్నా. యాడనో గిద్దలూరులో, నా మాదిరే నోరు మూతపడి, మళ్ళా పాడిన మనిషి. ఇప్పుడు మళ్ళా నేనొక్కదాన్నే."

ఆమె గుడికి పోవడం మానలేదు. పోతుంది, కూర్చుంటుంది. పాట ఎత్తదు.

పిల్లలకు

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. సంచిలో పెట్టే ప్రతి పుస్తకం ముందు మీరు చదవండి. చావు జరిగిన ఇంటికి మీరై పుస్తకం మోసుకపోవద్దు, వాళ్ళు అడిగినాక పోండి. విశ్వాసం తగ్గిందని చెప్పే పుస్తకాలు నేను వెనక్కి పంపేవాణ్ణి, మీరూ పంపండి. పైవాళ్ళు "మేలే గదా జరిగేది" అన్నప్పుడు, ఆ మేలు ఎవరి ఇంట్లో విరిగి పడతదో ఒకసారి అడగండి. అడిగితే ఏమైతదో కూడా నాకు తెలుసు, మీ గేట్లు మూస్తారు. అయినా అడగండి.

కరుణమ్మ టీచరు పుస్తకం మంచి పుస్తకం. ఈ మాట ఇప్పటికీ అంటా. దాన్ని చెడగొట్టింది మూడు మాటలు.

పోయిన ఏడాది మోపెడ్ అమ్మేసి, పని మానినాను. మానే ముందు సంస్థకు ఇంకొక ఉత్తరం రాసినాను. అట్ట మార్చమని మళ్ళా అడిగినాను. అది కాకపోతే ఒకే ఒక్క పని చెయ్యమన్నాను. సుగుణమ్మ పేరున రెండు వాక్యాలు రాసి పంపండి, తప్పు మాది, నీది కాదు అని. ఆ కాగితం నేను ఆ గుడిలో నిలబడి చదివి వినిపిస్తా, ట్యాంకరు దగ్గర వాగే నోళ్ళన్నా మూతపడతాయి అని. ఫోన్ చేసినాను. మనిషి చేత కబురంపినాను. మళ్ళా రాసినాను.

ఈ మధ్యనే కవరు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నా.

"ప్రభువునందు ప్రియ సహోదరునికి శుభములు. మీ ఉత్తరములు అన్నియు అందినవి. జవాబు ఆలస్యమైనందుకు మన్నించగలరు. గనిగట్టు పిల్ల అనేక కుటుంబములకు ఆదరణగా నున్నందున అట్ట మార్చుటకు కమిటీవారు అంగీకరించలేదు. కెజియగారిని చూడవలెనని మాకును చాలామంది ఫోన్లు చేయుచున్నారు. అట్టివారికి, ఆమె కొద్దికాలము క్రితము అనారోగ్యముతో ప్రభువునందు నిద్రించినదని తెలియజేయుచున్నాము. మీరు వ్రాసిన ఆ సహోదరికి కూడ అట్లే చెప్పగలరు."